తల స్కాన్ బాగుంది, మరి మెడ?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది తెనాలి దగ్గర ఒక పల్లె. నా భార్య వయసు 34 సంవత్సరాలు. బీపీ, షుగరు లేవు. ఏడు వారాల క్రితం నా బండి వెనుక కూర్చుని వస్తుండగా ఆమె చున్నీ వెనుక చక్రంలో చుట్టుకుని, మెడకు బిగిసి, వెనక్కి విరుచుకుపడింది. పక్కనున్నవాళ్లు కొడవలితో చున్నీ కోసి తీశారు. మెడ మీద ఎర్రటి వాత తేలింది. దగ్గరలోని ఆస్పత్రిలో తలకు సీటీ, మెడకు ఎక్స్‌రే తీసి, అంతా నార్మల్ అని నొప్పి మాత్రలిచ్చి పంపారు. మెడ ఎడమవైపు, ఎడమ కంటి వెనుక నొప్పి మాత్రం తగ్గలేదు. ఎడమ కన్ను చిన్నదైనట్టుందని మా అమ్మ అంది. నిద్ర చాలక అలా ఉందనుకున్నాం. మూడో రోజు పొద్దున ఆమె కుడి చేతిలోంచి కాఫీ గ్లాసు జారిపోయింది, మాట ముద్దగా వచ్చింది, అరగంటలో సర్దుకుంది. గుంటూరు తీసుకెళ్తే ఎమ్మారైలో మెదడు ఎడమ భాగంలో చిన్న మచ్చలున్నాయని, రక్తనాళాలు కనబడేలా రంగు మందు ఎక్కించి తీసే సీటీ యాంజియోగ్రామ్‌లో 'ఎడమ ఇంటర్నల్ కెరోటిడ్ డిసెక్షన్, గ్రేడ్ 2' అని తేల్చారు. కొన్ని రోజులు హెపారిన్ ఇచ్చి తరువాత ఆస్పిరిన్ మీద పెట్టారు. పది రోజులకు మళ్లీ తీసిన స్కాన్‌లో కొంత మెరుగు ఉందన్నారు. చేయి, మాట ఇప్పుడు బాగున్నాయి. మరోచోట చూపిస్తే స్టెంటు వేయించుకోమన్నారు. మొదటి స్కాన్‌లో ఎందుకు దొరకలేదు? లోపల గాయం ఉంటే రక్తం పలచబరిచే మందు ఎలా ఇస్తారు? స్టెంటు తప్పదా? మెడ నరాలు పట్టిస్తే నొప్పి పోతుందని బంధువులు అంటున్నారు, పట్టించవచ్చా?

సమాధానం: మీ ఉత్తరంలోని చివరి ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. మిగతావి వారం తరువాత చదివినా నష్టం లేదు, ఇది మాత్రం ఇవాళే తెలియాలి. ఆమె మెడను ఎవరిచేతా పట్టించవద్దు. నూనె రాసి నిమరడంతో మొదలై, తలను రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ తిప్పి 'టక్'మనిపించడంతో ముగిసే వైద్యం మన ఊళ్లలో ఎంత మామూలో నాకు తెలుసు, క్షవరం చేయించుకున్నవారికి సెలూన్లలో అది ఊరికే కూడా దొరుకుతుంది. ఏ గాయమూ లేని మెడలో సైతం అలాంటి విరుపు తరువాత ధమని లోపలి పొర చిరిగి పక్షవాతం వచ్చిన సందర్భాలున్నాయి. మీ శ్రీమతి మెడలో ఆ పొర ఇప్పటికే చిరిగి, మానే దారిలో ఉంది.

'మెడ నరం' అన్న మాటలోనే సగం చిక్కు ఉంది. మన వాడుకలో నాడిని నరం అంటాం, రక్తపరీక్షకు సూది గుచ్చే సిరనూ నరమే అంటాం, కండరం బిగుసుకుంటే నరం పట్టేసిందంటాం. పట్టిస్తే సర్దుకునేది ఏదైనా ఉంటే అది ఈ మూడో రకం. ఆవిడకు దెబ్బ తగిలింది గుండె నుంచి మెదడుకు రక్తం తీసుకెళ్లే ధమనికి. దానిని బయటి నుంచి పిసికి బాగుచేసే పద్ధతి ఏదీ లేదు.

మెదడుకు రక్తం నాలుగు దారుల్లో చేరుతుంది. గొంతుకు చెరోపక్కన, వేలు ఆనిస్తే కొట్టుకోవడం తెలిసేవి రెండు కెరోటిడ్ ధమనులు. వెనుకవైపు మెడపూసల రెక్కల్లో ఉండే చిన్న రంధ్రాల గుండా ఒక్కొక్క పూసా దాటుకుంటూ పైకి వెళ్లేవి రెండు వర్టిబ్రల్ ధమనులు. కెరోటిడ్ ధమని దాదాపు గొంతుముడి ఎత్తులో రెండుగా చీలుతుంది. అందులో ఒక కొమ్మ ముఖానికి, రెండోది దవడ వెనుకగా పుర్రె లోపలికి వెళ్తాయి. ఈ రెండో కొమ్మే మీ రిపోర్టులో రాసిన ఇంటర్నల్ కెరోటిడ్. ఎడమవైపుది మెదడు ఎడమ సగానికి రక్తం ఇస్తుంది, ఆ సగం కుడి చేతినీ, చాలామందిలో మాటనూ నడుపుతుంది. గ్లాసు కుడి చేతిలోంచే ఎందుకు జారిందో, మాట ఎందుకు ముద్దయిందో మీకు ఇక్కడే అర్థమవుతుంది.

ధమని గోడకు మూడు పొరలుంటాయి. పాత ఇంటి గోడకు చెమ్మ పట్టి సున్నం పెచ్చు లేవడం మీరు చూసే ఉంటారు. చిన్న పగులు చాలు, పెచ్చు వెనుకకు నీరు చేరి గోడ లోపలికి ఉబ్బుతుంది. ధమనిలో జరిగేదీ దాదాపు అదే. చున్నీ ముందు నుంచి బిగిసి తలను వెనక్కి విరిచినప్పుడు ఇంటర్నల్ కెరోటిడ్ ధమని మెడ పైభాగపు పూసల అంచు మీదకు సాగుతుంది, సాగే గుణం తక్కువైన లోపలి పొర ముందుగా చిరుగుతుంది. చిరుగులోంచి రక్తం గోడ పొరల మధ్యకు దూరి దారిని ఇరుకు చేస్తుంది. దీనినే డిసెక్షన్ అంటారు. అసలు ప్రమాదం ఆ ఇరుకుతనంకన్నా, పొర లేచిన గరుకు చోట ప్లేట్‌లెట్లు అంటుకుని రక్తం గడ్డకట్టడం, ఆ గడ్డ ముక్కలై ప్రవాహంతోపాటు మెదడుకు కొట్టుకుపోవడం. ఎమ్మారైలో కనబడిన చిన్న మచ్చలు అలా వెళ్లిన ముక్కలు ఆగిన చోట్లు.

ఇక మొదటి స్కాన్ సంగతి. ఆ రోజు తీసిన తల సీటీ తప్పు చెప్పలేదు. రంగు మందు ఎక్కించకుండా తీసే తల సీటీ పుర్రె పగిలిందా, మెదడులో రక్తం చిమ్మిందా అన్నవి చెప్పడానికి ఉద్దేశించినది, మెడలోని ధమని దాని పరిధిలోకే రాదు. ఎక్స్‌రేలో ఎముకలు కనిపిస్తాయి, రక్తనాళాలు కనిపించవు. పైగా ఆ రోజుకు మెదడులో ఇంకా ఏమీ జరగలేదు. మెడ ధమని గాయానికి ఉన్న విచిత్రమైన లక్షణం ఈ నిశ్శబ్దమే. దెబ్బకూ పక్షవాతానికీ మధ్య గంటల నుంచి రోజుల దాకా వ్యవధి ఉంటుంది, ఎక్కువమందిలో అది మొదటి 72 గంటల్లోనే బయటపడుతుంది, కొందరిలో వారం దాటాక కూడా. ఆవిడ మూడో రోజు పొద్దున ఆ గడువు చివరి అంచున ఉన్నారు. ఈ వ్యవధి శాపమూ, అవకాశమూ కూడా. ఆ లోపు ధమని గాయాన్ని పసిగట్టి మందు మొదలుపెడితే పక్షవాతం ముప్పు బాగా తగ్గుతుంది కాబట్టే, లక్షణాలు లేనివారిలో సైతం దీనికోసం వెతకాలని వైద్యశాస్త్రం చెబుతోంది.

అయితే దెబ్బ తగిలి వచ్చిన ప్రతివారికీ మెడ యాంజియోగ్రామ్ తీయరు. కోత పడకుండా బలంగా తగిలే మొద్దు దెబ్బలతో ఆస్పత్రిలో చేరినవారిలో నూటికి ఒకరిద్దరిలోనే ఈ గాయం ఉంటుంది. ఎవరిలో వెతకాలో తెలుసుకోవడానికి అమెరికాలోని డెన్వర్ వైద్యులు కూర్చిన ప్రమాణాలను ప్రపంచమంతటా వాడుతున్నారు. మెడపూస విరగడం లేదా జారడం, కింది దవడ విరగడం, ముఖం ఎముకలు మొత్తంగా కపాలం నుంచి ఊడేంత దెబ్బ, పుర్రె అడుగు భాగం పగలడం, పై పక్కటెముకలు విరగడం, ఉరి బిగిసి మెదడుకు ప్రాణవాయువు అందని స్థితి, స్కాన్‌లో కనబడినదానికి పొంతన లేని చేతికాళ్ల బలహీనత, మెడలో పెరుగుతున్న వాపు వంటివి అందులో ఉన్నాయి. మీ ఇంటి సంగతికి సరిగ్గా సరిపోయేది మరొకటి: మెడకు అడ్డంగా తాడో తీగో సీటు బెల్టో బిగిసి, ఆ చోట వాపు గానీ నొప్పి గానీ చెప్పుకోదగ్గట్టు ఉండటం.

కనుక నా అభిప్రాయం దాచను. ఆ ఎర్రటి వాతను చూసిన క్షణాన మెడకు సీటీ యాంజియోగ్రామ్ తీయించి ఉండవలసింది. దీనిని తిట్టుగా రాయడం లేదు. నేను శిక్షణలో ఉన్నప్పుడు దవడ విరిగి చేరిన ఒక కుర్రాడు మూడో రోజున మంచినీళ్ల గ్లాసు పట్టుకోలేకపోతే, మేమంతా రెండోసారి తల స్కాన్ తీసి, అందులో ఏమీ లేదని సంతృప్తి పడ్డాం. రౌండ్స్‌కు వచ్చిన మా మేడం ఫిల్మ్ వైపు కూడా చూడకుండా అతని గడ్డం కింద వేలు పెట్టి, "ఇక్కడ చూశారా?" అని అడిగారు. మేము చూడలేదు. అత్యవసర విభాగంలో తలా, ఎముకలూ దృష్టిని లాక్కుంటాయి. వాటి మధ్యనున్న మెత్తటి జానెడు మెడ తప్పించుకుంటుంది.

మీ అమ్మగారి చూపును మాత్రం మెచ్చుకోవాలి. ఎడమ కన్ను చిన్నదైనట్టుండటం నిద్రలేమి పని కాదు. కంటిపాపను విప్పార్చే, పై రెప్పను కాస్త ఎత్తి ఉంచే సన్నని నాడీ తీగలు కెరోటిడ్ గోడను అల్లుకుని పైకి వెళ్తాయి. గోడ ఉబ్బితే అవి నలుగుతాయి. అప్పుడు ఆ వైపు రెప్ప ఒకటి రెండు మిల్లీమీటర్లు వాలుతుంది, పాప రెండో కంటి పాపకన్నా చిన్నదిగా ఉంటుంది. దీనికి హార్నర్ సిండ్రోమ్ అని పేరు. గదిలో లైటు తగ్గించి రెండు కళ్లనూ పక్కపక్కన చూస్తే తేడా ఇంకా బాగా తెలుస్తుంది. చీకట్లో మంచి కంటి పాప పెద్దదవుతుంది, ఇదేమో ఉన్నచోటే ఉండిపోతుంది. మెడకు దెబ్బ తగిలిన మనిషిలో ఇది కనబడితే, వేరే లక్షణం ఒక్కటీ లేకపోయినా, అదే రోజు ధమనిని పరీక్షించాలి. ధమని మానిన తరువాత కూడా ఈ రెప్ప వాలు కొంత మిగలవచ్చు. దానివల్ల చూపుకు నష్టం ఉండదు, కంగారు పడకండి.

డాప్లర్ అల్ట్రాసౌండ్ తీస్తే సరిపోదా అని కొందరు అడుగుతారు, ఖర్చు తక్కువ కాబట్టి ఆ ఆశ సహజమే. ఈ రకం చిరుగు ఎక్కువగా దవడ వెనుక, పుర్రె అడుగుకు దగ్గరగా వస్తుంది, అక్కడికి ఎముక అడ్డు వల్ల డాప్లర్ చూపు అందదు. అందుకే గాయాల విషయంలో డాప్లర్ బాగుందంటే ధైర్యపడకూడదు. 64 స్లైసులు లేదా అంతకన్నా మెరుగైన యంత్రం మీద చేతి సిరలోకి రంగు మందు పంపి తీసే సీటీ యాంజియోగ్రామ్ ప్రస్తుతం మొదటి పరీక్ష. గజ్జ దగ్గరో మణికట్టు దగ్గరో ధమనిలోంచి సన్నని గొట్టం పంపి తీసే డీఎస్ఏ దానికన్నా కచ్చితమైనది, సీటీలో సందేహం మిగిలినప్పుడు గానీ చికిత్స కూడా అదే దారిలో చేయదలచినప్పుడు గానీ దాన్ని ఎంచుకుంటారు.

మీ రిపోర్టులోని గ్రేడ్ 2 అన్నది జబ్బు ముదిరిన దశ కాదు, గాయం ఆకారానికి ఇచ్చిన సంఖ్య. 1999లో డెన్వర్ వైద్యులే ప్రతిపాదించిన కొలమానం ఇది. లోపలి గోడ గరుకుగా ఉండి దారి 25 శాతానికి లోపు ఇరుకైతే 1. అంతకు మించి ఇరుకైనా, దారిలో రక్తపు గడ్డ ఉన్నా, లేచిన పొర కనబడినా 2. గోడ బలహీనపడి బయటికి బుడగలా ఉబ్బితే 3. పూర్తిగా మూసుకుపోతే 4. తెగి రక్తం బయటికి పోతుంటే 5. ఈ సంఖ్యలు మెట్లలా ఒకదాని తరువాత ఒకటి రావాలని లేదు. ఒకటో గ్రేడు గాయాలు చాలావరకు కొన్ని వారాల్లో పూర్తిగా మానిపోతాయి. రెండో గ్రేడు మొదటి రోజుల్లో ఎటైనా మొగ్గవచ్చు, అందుకే ఏడు నుంచి పది రోజుల మధ్య మళ్లీ స్కాన్ తీస్తారు. మీకు అది తీశారు, మెరుగు కనిపించింది. ఆ ఒక్క వాక్యం మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా ఊరట కలిగించింది.

గాయం ఉన్నచోట రక్తం పలచబరిచే మందు ఎలా ఇస్తారన్న మీ అనుమానం సబబైనదే. మొదట, ఆ పేరే తప్పు. ఆస్పిరిన్ వల్ల రక్తం నీళ్లలా మారదు, అది ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అంటుకోకుండా ఆపుతుంది. హెపారిన్ గడ్డకట్టే క్రియను మరోచోట అడ్డుకుంటుంది. ఆమె ధమనిలో చిరిగింది లోపలి పొర, బయటి పొర గట్టిగానే ఉంది. కాబట్టి రక్తం బయటికి పోయే భయం తక్కువ, లోపల గడ్డలు పుట్టే భయం ఎక్కువ. మందు ఆ రెండోదాన్ని ఆపడానికి. బయటి పొర కూడా తెగిన ఐదో గ్రేడులో ఈ మందులు ఇవ్వరు, అక్కడ క్షణాల మీద రక్తస్రావం ఆపవలసి ఉంటుంది. అలాగే తలలో రక్తం చిమ్మినవారిలో, కాలేయమో ప్లీహమో పగిలినవారిలో మందు ఎప్పుడు మొదలుపెట్టాలన్నది న్యూరోసర్జన్, సర్జన్ కూర్చుని తేల్చుకునే కష్టమైన లెక్క. మీ శ్రీమతికి అలాంటి గాయాలు లేకపోవడం అదృష్టం.

ముందు హెపారిన్, తరువాత ఆస్పిరిన్ ఎందుకంటే, హెపారిన్‌ను సెలైన్‌లో నడుపుతున్నప్పుడు అవసరమైతే వెంటనే ఆపవచ్చు, దానికి విరుగుడు మందు కూడా ఉంది. ఆస్పిరిన్ ప్రభావం మాత్రం ఒకసారి పడితే ఆ ప్లేట్‌లెట్లు బతికినన్నాళ్లూ, అంటే వారం పది రోజులు ఉంటుంది. కొందరు వైద్యులు మొదటి నుంచీ ఆస్పిరిన్‌తోనే నడుపుతారు, అదీ తప్పు కాదు. మెడ ధమని డిసెక్షన్ వచ్చిన 250 మందిని బ్రిటన్, ఆస్ట్రేలియాలలో పరిశీలించి 2015లో ప్రచురించిన కాడిస్ అధ్యయనంలో ఈ రెండు రకాల మందుల ఫలితాల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. కాబట్టి ఒక ఆస్పత్రి ఒకటి ఇచ్చి, ఇంకో ఆస్పత్రి మరొకటి ఇస్తే ఎవరో ఒకరు తప్పు చేశారని అనుకోనవసరం లేదు. మందు ఏదన్నదానికన్నా, అది రోజూ పడటం ముఖ్యం.

స్టెంటు తప్పదా అంటే, మీరు రాసిన వివరాలను బట్టి ఇప్పుడు తొందరపడవలసిన అవసరం నాకు కనబడటం లేదు. గుండె ధమనిలో కొవ్వు పేరుకుని దారి మూసుకుపోతే స్టెంటు వేసి తెరుస్తారని అందరికీ తెలుసు, దారి ఇరుకైందనగానే అందరికీ అదే గుర్తుకొస్తుంది. ఇక్కడి ఇరుకు వేరు. గోడలో చేరిన రక్తం శరీరం పీల్చుకుంటున్న కొద్దీ దారి తనంతట తాను తెరుచుకునే ఇరుకు ఇది, చాలామందిలో మూడు నుంచి ఆరు నెలల్లో తెరుచుకుంటుంది. స్టెంటు వేసే ప్రక్రియలోనే గడ్డ కదిలి పక్షవాతం వచ్చే ముప్పు కొంత ఉంది, వేసిన తరువాత కనీసం కొన్ని వారాలపాటు రెండు రకాల ప్లేట్‌లెట్ మందులు మానకుండా వాడాలి. అందువల్ల మందు సరిగ్గా వాడుతున్నా మళ్లీ పక్షవాతపు లక్షణాలు రావడం, ఇరుకు ఎక్కువై మెదడులో ఆ భాగానికి రక్తం చాలకపోవడం, లేదా గోడ ఉబ్బు ఏర్పడి పెరుగుతుండటం జరిగినప్పుడే స్టెంటు ఆలోచన చేస్తారు. సలహా ఇచ్చిన వైద్యుడిని నేరుగా, మర్యాదగా అడగండి: "వీటిలో ఏ కారణంతో వేయమంటున్నారు? మూడు నెలలకు మళ్లీ తీసే స్కాన్ దాకా ఆగితే వచ్చే నష్టం ఏమిటి?" ఆయన స్కాన్‌లో నాకు తెలియనిదేదో చూసి ఉండవచ్చు, అలాగైతే ఆయన మాటే నా మాటకన్నా ఎక్కువ. కారణం చెప్పలేకపోతే మీరు ఆగవచ్చు.

ఆస్పిరిన్ ఎన్నాళ్లంటే, గాయపు డిసెక్షన్‌కు మామూలుగా మూడు నుంచి ఆరు నెలలు ఇచ్చి, స్కాన్ చూసి నిర్ణయిస్తారు. మెదడులో మచ్చలు ఉన్నాయి కాబట్టి ధమని పూర్తిగా మానిన తరువాత కూడా కొనసాగించమని మీ న్యూరాలజిస్టు అనవచ్చు. ఈలోగా పన్ను పీకించుకోవాలని దంత వైద్యుడో, మరేదో చిన్న ఆపరేషన్ కోసం ఇంకొకరో ఆపమన్నా, న్యూరాలజిస్టును అడగకుండా ఒక్క రోజు కూడా ఆపవద్దు. మెడనొప్పికి మందుల షాపులో ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కొని వాడవద్దు. ఆస్పిరిన్‌తో కలిస్తే అవి కడుపులో పుండు, రక్తస్రావం తెచ్చిపెడతాయి, ఐబుప్రొఫెన్ అయితే ఆస్పిరిన్ పనినే దెబ్బతీయగలదు. పారాసెటమాల్ చాలు. నల్లగా తారులా విరేచనం అయితే వెంటనే చూపించండి. మీరు రాయలేదు గానీ అడగక తప్పదు: ఆమె గర్భనిరోధక మాత్రలు వాడుతుంటే ఆ సంగతి వైద్యులకు చెప్పండి. పక్షవాతపు లక్షణాలు వచ్చినవారు ఈస్ట్రోజెన్ ఉన్న మాత్రలు మానేసి వేరే పద్ధతికి మారాలి.

ఇంటి పనులు చేసుకోవచ్చు, నడవవచ్చు, వంట చేయవచ్చు. బిందె భుజానికో నెత్తికో ఎత్తడం, బస్తా లాగడం వద్దు. యోగా అలవాటు ఉంటే శీర్షాసనం, సర్వాంగాసనం, హలాసనం ఆపేయాలి. బ్యూటీ పార్లర్‌లో తల వెనక్కి వాల్చి తొట్టి అంచు మీద మెడ పెట్టి తలంటడం కూడా వద్దు, మెడ అంతగా వెనక్కి విరగడం ఈ ధమనులకు పడదు. గతుకుల రోడ్డు మీద బండి ప్రయాణం మూడు నెలల స్కాన్ దాకా మానుకుంటే మంచిది. దగ్గు గట్టిగా వస్తుంటే దానికి మందు వాడండి.

మూతి ఒక పక్కకు పోవడం, చేయి ఎత్తితే వాలిపోవడం, మాట తడబడటం, ఎడమ కంటికి తెర దిగినట్టు చూపు పోవడం, నడకలో తూలు, ఎన్నడూ లేనంత తలనొప్పి, వీటిలో ఏది వచ్చినా, పది నిమిషాల్లో తగ్గినా సరే, 108కి ఫోన్ చేసి సీటీ స్కానూ న్యూరాలజిస్టూ ఉన్న ఆస్పత్రికే తీసుకెళ్లండి. లక్షణం మొదలైన సమయాన్ని కాగితం మీద రాసుకోండి. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు నాలుగున్నర గంటల గడువు ఉంటుంది. పెద్ద నాళంలో గడ్డ ఉంటే గొట్టం ద్వారా తీసే చికిత్సను కొందరిలో 24 గంటల దాకా చేయగలరు. మొన్నటి గాయం సంగతి, ఆస్పిరిన్ సంగతి మొదటే చెప్పండి, ఇంజెక్షన్ ఇవ్వాలా వద్దా అన్నది వాటి మీద కూడా ఆధారపడుతుంది. దారిలో నోట్లో నీళ్లు గానీ మాత్ర గానీ వేయవద్దు, మింగుడు పడకపోతే ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

ఈ ఉత్తరం చదివే మిగతావారి కోసం రెండు మాటలు. మెడ తెగిన గాయం లెక్క వేరు. సంక్రాంతి రోజుల్లో గాజుపొడి పూసిన నైలాన్ మాంజా బండి మీద వెళ్లేవారి గొంతుకు అడ్డం పడటం మనం ఏటా వింటున్నాం. దానిని 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దేశమంతటా నిషేధించింది, అయినా 2024 జనవరిలో హైదరాబాద్‌లో ఒక సైనికుడు దానివల్లే చనిపోయారు. అలా రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డను మడిచి ఆ చోటనే అరచేత్తో గట్టిగా అదిమి, ఆస్పత్రి చేరేదాకా వదలకూడదు. మెడ చుట్టూ కట్టు బిగించకూడదు. కత్తి గానీ ఊచ గానీ దిగి ఉంటే పీకకూడదు. రక్తం ధారగా చిమ్ముతున్నా, మెడ వాపు చూస్తుండగా పెరుగుతున్నా, గాయంలోంచి గాలి బుడగలు వస్తున్నా ఎక్కువ పరీక్షలు చేస్తూ కూర్చోకుండా నేరుగా ఆపరేషన్ థియేటర్‌కు తీసుకెళ్తారు.

చున్నీ గాయం మాత్రం కొత్తదేమీ కాదు. 1927 సెప్టెంబరులో ఫ్రాన్సులోని నీస్ నగరంలో, అమెరికాలో పుట్టిన నర్తకి ఇసడోరా డంకన్ మెడలోని పొడవాటి స్కార్ఫ్ కారు చక్రంలో చుట్టుకుని ఆమె ప్రాణం తీసింది. ఈ రకం గాయాలకు వైద్యులు ఆమె పేరు పెట్టుకున్నారు కూడా. మన దేశంలో కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989లోని 123వ నియమం ప్రకారం, వెనుక కూర్చున్నవారి బట్టలు చుట్టుకోకుండా వెనుక చక్రంలో కనీసం సగాన్ని కప్పే రక్షణ ప్రతి మోటారు సైకిలుకూ ఉండాలి. మనం చీర గార్డు అనేది దానినే. అందంగా లేదనో కడగడానికి అడ్డమనో చాలామంది కొన్న నెలలోనే ఊడబీకి అటక మీద పడేస్తారు. మీ బండికి ఉందో లేదో మీరు రాయలేదు, నేను అడగను, లేకపోతే ఈ వారమే బిగించండి. ఇలాంటి ప్రమాదం కళ్లముందు జరిగితే గుడ్డను లాగకుండా, ఇంజిను ఆపి, మీ ఊరివాళ్లు చేసినట్టు కోసేయడమే సరైన పని. తరువాత మనిషిని కూర్చోబెట్టి మెడ తిప్పి చూడకుండా, తల కదలకుండా పడుకోబెట్టి తీసుకెళ్లాలి.

మూడు నెలల స్కాన్‌కు వెళ్లేముందు క్రియాటినిన్ పరీక్ష చేయించండి, రంగు మందు మూత్రపిండాల మీద పడుతుంది. నెలసరి తప్పి ఉంటే స్కాన్ కన్నా ముందే చెప్పాలి. వీలైతే గుంటూరులో మొదట తీసిన యంత్రం మీదనే తీయించండి. పాత రెండు స్కాన్ల సీడీలనూ వెంట తీసుకెళ్లండి, రిపోర్టు కాగితాలు ఒక్కటే చాలవు. 'కొంత మెరుగు' అన్న మాట ఎంత మెరుగో చెప్పదు. ఎడమ దవడ వెనుక ఆ ఇరుకు చోటును మూడు స్కాన్లలోనూ పక్కపక్కన పెట్టి, అదే మలుపు దగ్గర, మిల్లీమీటర్లలో కొలవమని రేడియాలజిస్టును అడగండి. స్టెంటు ప్రశ్నకూ, ఆస్పిరిన్ ప్రశ్నకూ జవాబు ఆ మూడు అంకెల్లో ఉంటుంది.